నా తొలి కొలువు

స్వార్జితమైన తొలి రూపాయిని మనిషి జీవితాంతం మరువలేడంటారు. నాకు మరపురానివి నేను ఆర్జించిన రూపాయలు కావు. నా మౌనం వల్ల మరొకరు పోగొట్టుకొన్న యాభై రూపాయలు.

అది 2004 వేసవి. పదవ తరగతి పరీక్షలు ముగిశాయి. కర్నూలు పాత పట్టణంలో, మా వీధి చివరనున్న వీడియో దుకాణంలో నెలకు 500 రూపాయల జీతంపై చేరాను. ముందు గదిలో సినిమా సి.డి.లు అద్దెకిచ్చేవారు. వెనుక గదిలో రెండు టీవీల ముందు పిల్లలు గంటకు పది రూపాయలు చెల్లించి వీడియో గేములాడేవారు. వారి వేళలు గమనించడం, పద్దులు వ్రాయడం, తిరిగివచ్చిన సి.డి.లను తుడిచి సర్దడం నా విధులు.

ఒక వీడియో సి.డి.లో సుమారు 74 నిమిషాల చిత్రం మాత్రమే పట్టేది. కనుక ఒక తెలుగు సినిమాకు రెండో మూడో సి.డి.లు అవసరమయ్యేవి. "మధ్య నుండి అంచుకు తిన్నగా తుడవాలి బేటా, గుండ్రంగా తుడవకూడదు" అని యజమాని తొలినాడే చెప్పాడు. సి.డి.లోని సమాచారం చుట్లుచుట్లుగా ఉంటుంది. అడ్డంగా పడిన చిన్న గీతను యంత్రం సరిదిద్దుకొంటుంది. చుట్టు వెంబడి పడిన గీతను దాటడం దానికి కష్టం.

ఒక సాయంకాలం రద్దీలో, చొక్కా అంచుతో ఒక సి.డి.ని గుండ్రంగా తుడిచాను. గీత పడింది. చూచి కూడ మాట్లాడక కవరులో పెట్టాను. మరునాడు తోపుడు బండిపై కూరగాయలమ్మే ఒక పెద్దాయన, మనుమలు వచ్చారని ప్లేయరుతో సహా ఆ సినిమాను అద్దెకు తీసికొనిపోయాడు. తెల్లవారి వచ్చి, "సగంలో ఆగిపోయింది బాబూ, పిల్లలు చిన్నబుచ్చుకొని పడుకొన్నారు" అన్నాడు. యజమాని గీతను చూచి, ఆయన డిపాజిటులో యాభై రూపాయలు కోశాడు. ఆయన నా వంక చూచాడు. నేను తలవంచుకొని పద్దు వ్రాశాను.

జీతం అందిన రాత్రి అమ్మీతో అంతా చెప్పాను. "ఇందులో యాభై మనది కాదు" అన్నదామె. మరునాడు యజమానితోనూ చెప్పాను. ఆయన కోపగించలేదు. "నాతో చెప్పావు, మంచిదే. ఆయనతో ఎవరు చెబుతారు?" అన్నాడు. పుస్తకంలోని చిరునామా వెదకుకొంటూ వెళ్ళాను. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారని పొరుగువారన్నారు. ఎక్కడికో ఎవరికీ తెలియదు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదుల వరద కర్నూలును ముంచెత్తింది. దుకాణం మునిగింది, పద్దుల పుస్తకం నీటిపాలైంది. నా బాకీ మాత్రం తీరలేదు.

విద్యార్థి మిత్రులారా! సెలవులలో మీలో పలువురు దుకాణాలలో పనికి పోతున్నారని నాకు తెలుసు. పని నేర్చుకొనేటప్పుడు పొరపాటు సహజం. కాని ఆ క్షణాననే నోరు విప్పండి. ఆలస్యమైతే డబ్బు చేతిలో ఉన్నా, ఇవ్వవలసిన మనిషి దొరకకపోవచ్చు.