ఆ ఢోలక్ ఎవరిది?

వాయిద్యకారుల్ని కూర్చోబెట్టకుండా, దాదాపు అంతా పాత రికార్డుల ముక్కలతోనే ఒక కుర్రాడు 1996లో గంట సేపు నడిచే ఆల్బమ్ తయారుచేశాడు. దాని పేరు 'ఎండ్‌ట్రొడ్యూసింగ్'. చేసినవాణ్ణి డీజే షాడో అంటారు. అసలు పేరు జోష్ డేవిస్, ఊరు అమెరికాలోని కాలిఫోర్నియా. అప్పటికి ఇరవై నాలుగేళ్లు. అతని సామాను ఒక టర్న్‌టేబుల్, అకాయ్ కంపెనీ ఎంపీసీ60 అనే శాంప్లర్ యంత్రం, ఒక టేప్ రికార్డర్. ఒక రికార్డులోంచి రెండు క్షణాల డ్రమ్ము, ఇంకోదాంట్లోంచి పియానో, మరోదాంట్లోంచి ఎవరో మాట్లాడిన మాట. కోసి, సాగదీసి, ఒకదాని మీద ఒకటి పేర్చాడు. పూర్తిగా శాంపిల్స్‌తో చేసిన మొదటి ఆల్బమ్ అని తర్వాత గిన్నిస్ బుక్‌లో కూడా దర్జ్ అయింది. 'ట్రిప్ హాప్' అనే మాట కూడా 1994లో ఒక బ్రిటిష్ పత్రిక ఇతని అంతకుముందు పాట గురించి రాస్తూ వాడిందే. అతనికి ఆ లేబుల్ పెద్దగా నచ్చలేదనుకోండి, అది వేరే సంగతి.

ఈ ఆల్బమ్ విన్నవాళ్ల మధ్య బహస్ ముప్ఫై ఏళ్లుగా తెగడం లేదు. ఒక జమాత్ అంటుంది: ఇది చోరీ. డ్రమ్ము వాయించినవాడు చెమటోడ్చాడు, ఇతను కత్తెర పట్టాడు. ఇంకో జమాత్ అంటుంది: ఎక్కడెక్కడి ముక్కలనో తెచ్చి ఒక ఉదాసీ పుట్టించాడు, అది ఆ ముక్కల్లో దేనిలోనూ లేదు, కాబట్టి ఉస్తాదే. ఈ లొల్లి ఏదీ పట్టని మూడో రకం కూడా ఉన్నారు. రాత్రిపూట లైటు ఆర్పి వింటారు, వాళ్లకదే చాలు. మా ఇంట్లో ఈ రకం మా బేగం. ఒకసారి విని, "ఖాళీ ఇంట్లో ఎవరో రేడియో ఆపకుండా వెళ్లిపోయినట్టుంది" అంది. నేను చదివిన సమీక్షలన్నీ ఒకెత్తు, ఈ ఒక్క మాట ఒకెత్తు.

నాకు దీన్ని వినిపించింది మా భాంజా. టోలీచౌకీలో ఉంటాడు, సౌండ్ ఎడిటింగ్ పని. "మామూ, దిల్ లగాకే సునో" అని హెడ్‌ఫోన్స్ పెట్టాడు. (సంగీతం జాయజా నాజాయజా అన్న బహస్ ఇక్కడ ఎత్తడం లేదు. ఆ విషయంలో మా దస్తర్‌ఖాన్ చుట్టూనే నాలుగు రాయిలున్నాయి.) 'మిడ్‌నైట్ ఇన్ ఎ పర్ఫెక్ట్ వరల్డ్' అనే పాట దగ్గర ఆపి చెప్పాడు: ఇందులో ఒక ముక్క ఫిన్లాండ్ సంగీతకారుడు పెక్కా పొహ్యోలాది, ఇంకో ముక్క అమెరికాకు చెందిన డేవిడ్ ఆక్సెల్రాడ్‌ది. ఆ ఇద్దరి రికార్డులూ ఎక్కడెక్కడివో, ఇక్కడ మాత్రం ఒకే గదిలో కూర్చుని వాయిస్తున్నట్టు ఉంటుంది.

ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి కాబట్టి నాకు వెంటనే గుర్తొచ్చింది తజ్మీన్. పెద్ద షాయర్ షేర్ ఒకటి తీసుకుని, దానికి ముందు మనవి మూడు మిస్రాలు కట్టి, అయిదు చేస్తాం. తర్హీ ముషాయిరాల్లోనైతే మిస్రా ఇచ్చేదే ఇంకొకరిది. దానికి నువ్వెంత బాగా గిరహ్ కట్టావన్నదే పరీక్ష. ఖవ్వాల్ కూడా పాట మధ్యలో ఎవరిదో షేర్ తెచ్చి ముడేస్తాడు, మెహఫిల్ 'వాహ్' అంటుంది. చోరీ అని ఎవరూ అనరు. బీఏ తెలుగులో అవధానం గురించి చదివినప్పుడు కూడా ఇదే తోచింది నాకు. సమస్య ఇచ్చేది ఒకరు, పూరించేది ఇంకొకరు, చప్పట్లు పూరించినవాడికి. అందుకే మొదటి జమాత్‌తో నాకు పొత్తు కుదరలేదు.

కానీ ఒక ఫర్ఖ్ ఉంది. తజ్మీన్ రాసేవాడు గాలిబ్ పేరు దాచడు. దాచితే తజ్మీనే కాదది. ఈ ఆల్బమ్ కవరు మీద మెటాలికా, బ్యోర్క్ లాంటి కొందరి పేర్లున్నాయి. ఇజాజత్ తీసుకున్నవి అవి. మిగతా ఎన్నో చిన్న ముక్కల పేర్లను శ్రోతలే ఏళ్ల తరబడి తవ్వి తీశారు. ఈ తవ్వేవాళ్లంటే నాకు మహా ఇష్టం. వాళ్లు చోర్ అనరు, ఉస్తాద్ అనరు. 'ఈ డ్రమ్ము ఎవరిది?' అని మాత్రం అడుగుతారు. ఒక ఆల్బమ్ విని, పేరు కూడా మిగలని వాద్యకారుల దాకా వెళ్లారు. మా పాత్రికేయుల్లో ఎంతమందికుంది ఆ ఓపిక!

షాడోకి కూడా ఈ సంగతి తెలుసు, అందుకే అతన్ని తేలిగ్గా తీసెయ్యలేను. 2001లో వచ్చిన 'స్క్రాచ్' అనే డాక్యుమెంటరీలో శాక్రమెంటోలోని ఒక రికార్డుల షాపు కింది గదిలో కూర్చుని కనిపిస్తాడు. చుట్టూ తల ఎత్తున పాత రికార్డులు. ఇవన్నీ విరిగిన కలలనీ, పదేళ్లకు తన రికార్డు కూడా ఈ కుప్పలోకే వస్తుందనీ అంటాడు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఉర్దూ దీవాన్లు కిలోల లెక్కన పడి ఉండటం చూసినవాళ్లకు ఆ మాట కొత్తగా తాకదు.

ఇంకో ఖిస్సా మనకు దగ్గరిది. ట్రిప్ హాప్‌కి పుట్టిల్లనదగ్గ బ్రిస్టల్ బృందం మాసివ్ అటాక్, నుస్రత్ ఫతే అలీ ఖాన్ 'మస్త్ మస్త్'కి రీమిక్స్ చేసింది. ఆ ఆల్బమ్ అసలు ప్రొడ్యూసర్ మైకేల్ బ్రుక్ కూడా ఖాన్ సాహెబ్ గానాన్ని అక్కడక్కడ కోశాడు. ఆయన ఒప్పుకోలేదు. ఎందుకంటే కోత కొన్నిచోట్ల సరిగ్గా మాట మధ్యలో పడి, మానే పోయింది. స్వరం కోస్తే సహించాడు కానీ మాట విరిస్తే సహించలేదన్నమాట. మా ఫుప్ఫా ఆ రీమిక్స్ విని, "మేక తలా కాళ్లూ వేరుచేసి, మేకంటే ఎలా మియా?" అన్నారు. మా భాంజా నవ్వాడు. నేను నవ్వలేదు, ఆయన అంటున్నది ఖాన్ సాహెబ్ అన్నదే.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, మా భాంజా ఒక క్యాసెట్ అడిగాడు. కర్నూలులో మా పెద్ద ఆపా నికాహ్‌కి, హల్దీ రాత్రి, మేనమామ కొత్త టేప్ రికార్డర్ పెట్టి తీసిన ఢోలక్ కే గీత్. అమ్మీ పాడుతుంది, ఇద్దరు ఖాలాలు పాడతారు, వెనక ఆడవాళ్ల నవ్వులు, ఎవరో పసిబిడ్డ ఏడుపు. అమ్మీ పోయి ఆరేళ్లు. చిన్న ఖాలా కూడా లేదు. వాడు ఆ ఢోలక్‌లో నాలుగు దెబ్బలు, నానీ 'బన్నో' అని పిలిచే ఒక్క పిలుపు తీసి బీట్ కడతానన్నాడు.

ఇంట్లో మళ్లీ మూడు జమాత్‌లు. ఒక భాయీజాన్ "అమ్మీ ఆవాజ్ అమానత్, బజారుకెక్కించొద్దు" అన్నాడు. ఆపా "నా పెళ్లి పాట, నేను ఇజాజత్ ఇస్తున్నా" అంది. మిగిలున్న ఖాలా మాత్రం రెండుసార్లు విని అడిగింది: "ఢోలక్ ఎవరు వాయించారు రా?"

ఎవరికీ తెలీదు. పాడినవాళ్లంతా మా ఇంటివాళ్లే, వాయించింది కాదు. గల్లీలో పెళ్లిళ్లకి పిలిస్తే వచ్చేది, పాతిక రూపాయలో, ఒక చీరో తీసుకుని పోయేది. ఢోలక్‌వాలీ అనేవాళ్లు, అంతే. ఆ దెబ్బ ఎంత సాఫ్‌గా ఉందంటే, భాంజా యంత్రంలో పెట్టి ఒక్క లయ కూడా సరిచెయ్యలేదు.

నా రాయ్ చెప్పాను వాడికి: నానీ పిలుపు వాడుకో, కానీ మాట మధ్యలో కోయొద్దు. ఢోలక్ కూడా వాడుకో, పేరు దొరికాకే. వాడికి నచ్చలేదు. "దొరక్కపోతే?" అన్నాడు. 'తెలియదు' అని రాసినా పేరు రాయనట్టే కదా అని నాకూ అనిపించింది, జవాబు చెప్పలేదు.

బీట్ తయారై మూడు నెలలైంది, వాడి ఫోన్‌లోనే ఉంది. ఖాలా ఆ గల్లీ పాత ఇళ్లవాళ్లకు ఒక్కొక్కరికే ఫోన్ చేస్తోంది. మొన్న ఒకామె ఏదో పేరు చెప్పిందట. రాత్రికి మళ్లీ ఆమే ఫోన్ చేసి, కాదు బేటీ, అది ఆమె చెల్లెలి పేరు, అందట.