రాతిలోంచి కాలంలోకి

మా పదహారేళ్ల అబ్బాయి లైబ్రరీ పుస్తకం ఒకటి పట్టుకుని, సోఫాలో పొర్లిపొర్లి నవ్వుతున్నాడు. ఏమిటా అని వాడి చేతిలోంచి తీసుకున్నాను. ఆ రాత్రి రెండింటిదాకా నేనే దాన్ని వదల్లేదు.

డ్రూ హేడెన్ టేలర్ రాసిన ‘టేక్ అస్ టు యువర్ చీఫ్’ అది. 2016లో వచ్చిన సైన్స్ ఫిక్షన్ కథల సంపుటి, మొత్తం తొమ్మిది కథలు. రచయిత కెనడా ఆదివాసుల్లో ఓజిబ్వే జాతివాడు. మేముండే మిస్సిసాగా నుంచి రెండు గంటల చిల్లర ప్రయాణం చేస్తే ఆయన పుట్టిన కర్వ్ లేక్ అనే ఆదివాసీ రిజర్వు వస్తుంది. ఒక కథలో ముగ్గురు మితభాషులు వసారాలో కూర్చుని బీరు తాగుతుంటే, ఎదురుగా గ్రహాంతరవాసుల ఓడ దిగుతుంది. నా మనసు పట్టేసింది మాత్రం ‘పెట్రోపాత్స్’ అనే కథ. దారి తప్పిన ఓ కుర్రాడికి, పూర్వీకులు రాతిమీద చెక్కిన బొమ్మలు కాలంలోకి తలుపులవుతాయి. ‘ఆదిత్య 369’ సినిమా చూస్తూ పెరిగినదాన్ని. టైమ్ మెషీన్ అంటే ప్రయోగశాలలో శాస్త్రవేత్త కట్టేదనే అనుకున్నాను. ఇక్కడ ఆ యంత్రాన్ని తాతలు ఎప్పుడో చెక్కి పెట్టి వెళ్లారు. అది తెలుసుకోవడానికి మనవడు రావాలి, అంతే.

ఆ ఊపులోనే ఆయన 2010 నాటి నవల ‘మోటార్‌సైకిల్స్ అండ్ స్వీట్‌గ్రాస్’ కూడా చదివాను. నానాబుష్ ఓజిబ్వేల పురాణపురుషుడు. రూపాలు మార్చే మాయగాడు, గురువు కూడా. ఈ నవలలో నానాబుష్ ఇండియన్ చీఫ్ మోటార్‌సైకిల్ మీద ఊళ్లోకి దిగి, రకూన్లతో తగువు పెట్టుకుంటాడు.

తెనాలిలో ఉన్న మా అమ్మకు ఫోన్లో ఈ సంగతి చెబితే, “పెద్దవాళ్లు కొలిచినవాణ్ని అలా నవ్వులపాలు చెయ్యొచ్చుటే?” అంది.

“రేవతి కథ చెప్పింది నువ్వేగా అమ్మా!” అన్నాను.

కకుద్మి మహారాజు తన కూతురు రేవతికి మంచి వరుణ్ని అడుగుదామని ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకం వెళ్తాడు. అక్కడ సంగీతం జరుగుతుంటే కాసేపు ఆగుతాడు. పాట అయ్యాక తను అనుకున్న వరుల పేర్లు చెబితే బ్రహ్మ నవ్వి, “ఇరవయ్యేడు మహాయుగాలు గడిచాయి నాయనా, వాళ్లూ లేరు, వాళ్ల మనవల మనవలూ లేరు” అంటాడు. తిరిగొచ్చి బలరాముడికిచ్చి పెళ్లి చేస్తే, పాత యుగపు పిల్ల తాటిచెట్టంత ఉంది! ఆయన నాగలి తగిలించి ఆమెను కిందికి వంచాడని విష్ణుపురాణం. చిన్నప్పుడు డాబామీద అమ్మ ఆ నాగలి చోటికి వచ్చేసరికి తనే నవ్వాపుకోలేకపోయేది. ఫోన్లో మళ్లీ అదే నవ్వు వినిపించింది. బలరాముడిమీద ఆమెకున్న భక్తి దానివల్ల వీసమెత్తు తగ్గలేదు.

టేలర్ నవ్వు కూడా ఆ చనువులోంచి వచ్చిందే. ఆ నవ్వు కింద దుఃఖముంది. ‘సూపర్‌డిసప్పాయింటెడ్’ అనే కథలో ఒకడికి అతీతశక్తులు ఎలా వస్తాయంటే, రిజర్వు ఇంటి గోడల బూజువల్ల, అక్కడి పాడు నీళ్లవల్ల. అది చదివి నవ్వాను. తర్వాత కర్వ్ లేక్ సంగతి తెలిసి నోట మాట రాలేదు. మూడు వైపులా నీళ్లే ఉన్న ఆ ఊరు మంచినీళ్ల కోసం కోర్టుకెక్కాల్సి వచ్చింది. మరో రెండు ఆదివాసీ సమాజాలతో కలిసి వేసిన ఆ దావాలో 2021లో 800 కోట్ల డాలర్ల రాజీ కుదిరింది. అదే దేశంలో నేను పద్నాలుగేళ్లుగా కుళాయి తిప్పి నిశ్చింతగా తాగుతున్నాను.

జూన్‌లో పిల్లాణ్ని తీసుకుని పీటర్‌బరో దగ్గరున్న పెట్రోగ్లిఫ్స్ పార్కుకి వెళ్లాను. ఓజిబ్వేలు ఆ చోటుని కినోమాగేవాప్‌కాంగ్ అంటారు, బోధించే రాళ్లని అర్థం. తెల్లటి పాలరాతి పరుపుమీద దాదాపు 900 బొమ్మలు. తాబేళ్లు, పక్షులు, పడవలు, మనుషులు. వానకీ మంచుకీ అరిగిపోకుండా 1984లో పైన భవనం కట్టారు. రాతి కింద ఎక్కడో నీళ్లు పారే చప్పుడు వినపడుతుంది, ఆత్మల గొంతులని వాళ్ల నమ్మకం. మావాడు చేతులు కట్టుకుని నిలబడి, “అమ్మా, ఆ కథలో కుర్రాడు వెళ్లింది ఇలాంటి చోటినుంచేనేమో” అన్నాడు. నేను కాళ్లకు చెప్పులున్నాయని గుర్తొచ్చి ఇబ్బందిపడ్డాను. గుడికి వచ్చినట్టే ఉంది.

“అడవిమనుషుల కథలు మనకెందుకండీ?” అని ఇక్కడి మన విందుల్లో వింటుంటాను. మన పురాణాలను దొరలు పుక్కిటి కథలన్నప్పుడు మనకెంత మండిందో తలుచుకుంటే ఆ మాట నోటికి రాకూడదు. మనం ఇల్లు కొనుక్కున్న నేలకి ముందునుంచీ ఉన్న కథలు అవి.

టొరంటో చుట్టుపక్కల ఉన్న తల్లిదండ్రులారా, మీ పిల్లలకు రేవతి కథ చెప్పండి, ఈ పుస్తకం ఇవ్వండి. తర్వాత ఓ శనివారం ఆ రాతి దగ్గరికి తీసుకెళ్లండి. పార్కు మే నుంచి అక్టోబర్ మధ్యదాకా తెరిచి ఉంటుంది. అక్కడ ఫొటోలు తియ్యొద్దని ఆ రాళ్లు కాపాడుకునేవాళ్లు అడుగుతున్నారు. కెమెరా కారులోనే ఉంచండి.