డబ్బా మీద లేని నువ్వులు

డాలస్‌లో ఉన్న అక్కకి పంపుదామని, అమరేశ్వరుడి దర్శనం అయ్యాక అమరావతిలోనే పచ్చళ్లు, పొడులు కొన్నాను. వాళ్ల చిన్నాడికి నువ్వులు పడవు, పెదాలు వాచిపోతాయి. కందిపొడి డబ్బా తిప్పి చూస్తే ‘మసాలా దినుసులు’ అని ఉందంతే. అడిగితే కొట్లోని పిన్నిగారు, “కమ్మగా ఉంటుందని గుప్పెడు నువ్వులు వేయించి కలుపుతాం బాబూ” అన్నారు. అడిగాను కాబట్టి తెలిసింది!

మన 2020 లేబులింగ్ నిబంధనల అలర్జీ జాబితాలో పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ, సోయా ఉన్నాయి. నువ్వులు, ఆవాలు లేవు. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులు చెప్పి తీరాలి, యూరప్‌లో ఆవాలు కూడా. ఆవకాయ పెట్టుకునే మనమే కదా ముందు రాసుకోవాల్సింది! పొడి మానేసి గోంగూర ఒక్కటే పంపాను. అందులో ఏమేం వేశారో పిన్నిగారిని అడిగి, సీసా మీద నేనే రాసి అంటించాను.