నాలుగు గంటల దూరం

"కువైట్ ఎంత దూరమప్పా?" అని అత్త నన్నడిగింది 1986లో. అప్పటికి నేను పాఠశాల విద్యార్థిని. కదిరి ప్రాంతంలోని మా ఊరిలో వరుసగా రెండేళ్ళు వేరుశనగ ఎండిపోయింది. అప్పు తీర్చే దారి కానరాక మా మేనమామ డ్రైవరు పనికి కువైట్ ప్రయాణమయ్యాడు. కాళిదాసు 'మేఘసందేశం'లో యక్షుడు ప్రియురాలికి మేఘం చేత కబురు పంపాడు. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే మా సీమలో ఆ మేఘమే కరవు. రాని మేఘమే మామను సముద్రం దాటించింది.

నేను అట్లాసు తెరచి, బొంబాయి నుండి కువైట్ వరకు దారం పరచి, స్కేలుతో కొలిచాను. సుమారు 2,750 కిలోమీటర్లు. జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లకు పైగా పోతుంది. పైకి లేవడానికీ, కిందికి దిగడానికీ పట్టే సమయం కలిపితే దాదాపు నాలుగు గంటలు. "నాలుగు గంటలే అత్తా! మన ఊరి నుండి బొంబాయి చేరడానికే అంతకన్న ఎక్కువ పడుతుంది" అన్నాను. అత్త ముఖం తేటపడింది. ఆ మాటను ఆమె కొంగున ముడివేసుకుంది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించాయి. అక్కడి నుండి పౌర విమానాలు ఆగిపోయాయి. మామ ఉత్తరాలు కూడా ఆగిపోయాయి. అత్త ప్రతి మధ్యాహ్నం తపాలా మనిషి కోసం అరుగు మీద కూర్చునేది. అక్కడి భారతీయులు వేలాదిగా బస్సులెక్కి, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ రాజధాని అమ్మాన్ దారి పట్టారు. అది 1,500 కిలోమీటర్లకు పైబడిన బాట. అమ్మాన్ నుండి బొంబాయికి మరో 4,000 కిలోమీటర్లు. ఆగస్టు, అక్టోబరు నెలల మధ్య ఎయిరిండియా విమానాలు దాదాపు 500 సార్లు ఎగిరి, లక్షమందికి పైగా స్వదేశానికి చేర్చాయి.

ఆ లక్షమందిలో మామ ఒకడు. శిబిరంలో రోజుల తరబడి వంతు కోసం వేచి, అక్టోబరు మొదట్లో ఒక రాత్రి ఇల్లు చేరాడు. చేతిలో ఒక గుడ్డసంచి తప్ప ఏమీ లేదు. అత్త ఏడవలేదు. నా వైపు తిరిగి, "నాలుగు గంటలంటివి కదప్పా!" అంది.

నా లెక్కలో తప్పు లేదు. అయినా తల ఎత్తలేకపోయాను. ఆకాశం అందరికీ తెరచి ఉంటుందని, రాజ్యాలు శాంతితో ఉంటాయని నమ్మి వేసిన లెక్క అది. ఆ షరతును అత్తకు చెప్పాలని నాకు తోచలేదు.

2008లో దేవనహళ్ళి విమానాశ్రయం ప్రారంభమయ్యాక మా వాళ్ళకు బొంబాయి పోయే పని తప్పింది. బెంగుళూరు నుండి కువైట్‌కు 3,500 కిలోమీటర్లు, సుమారు ఐదు గంటలు. ఇప్పటికీ తరగతిలో ఎవరో ఒక విద్యార్థి ఆ దూరం అడుగుతాడు. అంకెలు చెబుతాను. ఆ తరువాత, "మీ ఇంట్లో ఎవరు వెళ్తున్నారు నాయనా?" అని అడుగుతాను.