మలుపుకు ముందే బ్రేకు

అత్తయ్యకి మోకాలి ఆపరేషన్ అయ్యాక ఫిజియోథెరపీకి నేనే కారులో తీసుకెళ్లాల్సి వచ్చింది. మొదటిరోజే, "రేపట్నుంచి ఆటో మాట్లాడమ్మా" అన్నారు. మలుపు మధ్యలో గబుక్కున బ్రేకు తొక్కడం నా అలవాటు. కుదుపు కుదుపుకీ ఆవిడ మోకాలు పట్టుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది.

"రేసువాళ్లలా నడపాలమ్మా" అన్నాడు మావాడు. వాడితో కలిసి 2023 ఫిబ్రవరి 11న ఎన్టీఆర్ మార్గ్‌లో జరిగిన ఫార్ములా ఈ రేసు టీవీలో చూశాను. 2.83 కిలోమీటర్ల ట్రాక్, 18 మలుపులు. వేగమే రేసనుకున్నాను అప్పుడు.

ఆదివారం తెల్లవారుజామున, ఇందిరా పార్కు రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు నేర్పాడు. "బ్రేకు తొక్కితే బండి బరువు ముందు టైర్ల మీదికొస్తుంది, వెనకవి తేలికవుతాయి. అందుకే తిన్నగా ఉండగానే స్పీడు తగ్గించు. స్టీరింగ్ తిన్నబడేకొద్దీ మెల్లగా యాక్సిలరేటర్ ఇవ్వు. చూపు బానెట్ మీద కాదు, వెళ్లాల్సిన చోట ఉండాలి."

నెల పట్టింది. నా స్పీడు ముప్పై దాటలేదు.

నిన్న అశోక్ నగర్ నుంచి నారాయణగూడ దాకా అత్తయ్య ఒక్కమాటా అనలేదు. భయపడి అద్దంలో చూశాను. హాయిగా నిద్రపోతున్నారు.