కమ్యూట్ చేసిన సగం

2018లో పెన్షన్ వచ్చి ఊళ్లో దిగేనాటికి నాకు 42 ఏళ్లు. 24 ఏళ్ల సర్వీసు, హవల్దారు ర్యాంకు. మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. అందరూ మిలటరీ మాధవరం అంటారు. ప్రపంచ యుద్ధాల నాటి నుంచీ సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరు. అలాంటి ఊరికి తిరిగొచ్చినవాడి ఇల్లు గొప్పగా కనబడాలని నా కోరిక.

అందుకే పెన్షన్ సగం కమ్యూట్ చేశాను. నెలకు 10,500 వదులుకుంటే 11 లక్షల 40 వేల దాకా ఒకేసారి చేతికొచ్చింది. పన్ను కూడా లేదు. పై అంతస్తు వేయించి, ముందు రెండు స్తంభాలు లేపాను. ఇంట్లో ఎవరినీ అడగలేదు.

యూనిట్‌లో లంగర్‌లో తిండి, బారక్‌లో మంచం, ఒంటిమీద యూనిఫాం అన్నీ వాళ్లే చూసుకునేవారు. కందిపప్పు కిలో ఎంతో నాకు తెలియదు. మా ఆవిడకు తెలుసు. నేను పంపిన ప్రతి రూపాయీ ఆవిడ అట్టపుస్తకంలో ఎక్కింది. ఒక రాత్రి దాన్ని తెచ్చి నా ముందు పెట్టింది. పాలు, కరెంటు, గ్యాసు, పాప ఫీజు. మాజీ సైనికుల వైద్యానికి ఇచ్చే ఈసీహెచ్ఎస్ కార్డు ఉంది కాబట్టి అమ్మ మందుల లెక్క అందులో లేదు.

"ఏవండీ, ఆ పదివేల అయిదువందలు ఎన్నాళ్లు కోస్తారు?"

"పదిహేనేళ్లు."

ఆవిడ పెన్సిలుతో గుణించింది: 18,90,000. ఆ అంకె కింద రెండు గీతలు గీసి, ఏమీ అనకుండా పుస్తకం మూసింది. పోనీ అద్దెకిద్దామంటే, పై అంతస్తులో అద్దెకుండేవాళ్లు మా ఊళ్లో దొరకరు.

అప్పటికే బ్యాంకులో గన్‌మన్ ఉద్యోగం ఉందని కబురొస్తే వద్దన్నాను. పదిమందిని నడిపించినవాణ్ణి, ఒకరి గుమ్మం దగ్గర నిలబడడమేమిటని ఎనిమిది నెలలు ఇంట్లోనే కూర్చున్నాను. పాప ఇంజనీరింగ్ ఫీజు కట్టాల్సి వచ్చాక చేరాను. మొదటి రోజు తెల్లవారుజామున చొక్కా ఇస్త్రీ చేస్తుంటే చేతులు వాటంతటవే మడత సరిచూసుకున్నాయి. నా క్రమశిక్షణ ర్యాంకుతో వచ్చింది కాదు, నాలోనే ఉందని అప్పుడు తెలిసింది.

పెన్షన్ కాగితాలు నింపబోతున్న తమ్ముళ్లకు నా మాట ఒక్కటే. కమ్యూటేషన్ తప్పనిసరి కాదు. ఎక్కువ వడ్డీ అప్పు తీర్చడానికో, నెలనెలా రాబడి తెచ్చే ఆస్తికో అయితే ఆలోచించండి. గౌరవం కోసం అయితే వద్దు. సంతకానికి ముందు, ఇన్నేళ్లూ ఇల్లు నడిపిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ లెక్క కాగితం మీద వేయించండి.

ఇప్పుడు జీతం పడగానే ఇద్దరం కలిసే రాసుకుంటాం. ఆ పుస్తకం చివరి పేజీలో ఆవిడ ఎప్పుడో రాసిపెట్టింది: "2033 - పూర్తి పెన్షన్." అద్దెకు ఎవరూ రాని ఆ పై అంతస్తులోనే పాప చదువుకుంది.