కోర్టుకెళ్ళిన మఫ్లర్

సిడ్నీలో మా అమ్మాయి ఉండేది రెడ్‌ఫర్న్‌లో. పక్కింటావిడకి ఎనభై దాటాయి. పరిచయమైన రోజే బీరువాలోంచి ఎరుపూ ఆకుపచ్చా చారల ఉన్ని మఫ్లరు తీసి చూపించింది. అంచున తెల్ల కుందేలు బొమ్మ. "ఇది కోర్టు దాకా వెళ్ళొచ్చింది" అంది.

ఆటల సంగతి నాకు తెలీదు. మా బళ్ళో గ్రౌండంతా మగపిల్లలదే, మాకు వరండా పక్కన టెన్నికాయిట్. అయినా కోర్టు మెట్లెక్కిన మఫ్లరంటే కూర్చుని వినక తప్పలేదు.

కోడిగుడ్డు ఆకారం బంతితో, జట్టుకి 13 మంది ఆడే ఆట రగ్బీ లీగ్. సౌత్ సిడ్నీ క్లబ్ 1908 జనవరిలో రెడ్‌ఫర్న్ టౌన్‌హాల్లో పుట్టింది. కార్మికుల పేట జట్టు. వీధుల్లో కుందేలు మాంసం అమ్మేవాళ్ళ కేకే 'రాబిటోస్' అన్న పేరైందంటారు. "కుందేళ్ళమ్మిన మగాళ్ళ కథలు అందరూ చెప్తారు. ఆ కుందేలుని ఏడుగురికి సరిపెట్టి వండిన మా అమ్మ కథ ఎవరూ చెప్పరు" అందావిడ.

1990లలో ఒక మీడియా కంపెనీ పోటీ లీగ్ పెట్టింది. తర్వాత రాజీపడి, 2000 నుంచి 14 జట్లే ఉండాలన్నారు. అప్పటికి 20 సార్లు ఛాంపియన్ అయిన సౌత్స్‌ని 1999 అక్టోబరులో తీసేశారు. 2000 నవంబరులో కోర్టులోనూ ఓడిపోయింది. కొద్ది రోజులకే దాదాపు 80,000 మంది రెడ్‌ఫర్న్ నుంచి నగరం నడిబొడ్డుకి నడిచారు. మోకాళ్ళ నొప్పులతో ఈవిడా నడిచింది. 2001 జూలైలో అప్పీలు గెలిచారు. 2002లో జట్టు మైదానంలోకొచ్చింది. 2003లో అత్యున్నత న్యాయస్థానం ఆ తీర్పుని కొట్టేసినా, జట్టుని మళ్ళీ బయటికి పంపలేదు. 2014లో, 43 ఏళ్ళ తర్వాత, మళ్ళీ ఛాంపియనైంది.

క్లబ్ అంటే లెక్కల పుస్తకం కాదు, మా బతుకు అని జనం వీధిలో నిలబడి చెప్పారు. నాకది నచ్చింది. అయితే ఆ 'మా'లో ఎవరెవరున్నారు?

అడిగింది నేను కాదు, పన్నెండేళ్ళ మనవరాలు. "అమ్మమ్మా, పెద్ద లీగ్‌లో సౌత్స్‌కి ఆడవాళ్ళ టీమ్ ఏదీ?"

జాతీయ మహిళల లీగ్ 2018లో నాలుగు జట్లతో మొదలైంది. 2025కి 12 అయ్యాయి. అందులోనూ సౌత్స్ లేదు. కింది స్థాయి పోటీల్లో సౌత్స్ అమ్మాయిలు ఆడుతున్నారు, పై మెట్టుకి వెళ్ళాలంటే వేరే క్లబ్ రంగు వేసుకోవాలి.

ఆడవాళ్ళకి ఈ ఆట కొత్త కాదు. 1921లోనే సిడ్నీలో ఆడవాళ్ళ మ్యాచ్ చూడ్డానికి వేలమంది వచ్చారు. లీగ్ పెద్దలు మాత్రం చేయూతనివ్వలేదు. ఆ ఉత్సాహం అక్కడే అణగారింది. చూసేవాళ్ళు లేక కాదు.

పాప ప్రశ్నకి పక్కింటావిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆరోజు అంత దూరం నడిచాను. నాకీ ప్రశ్నే తట్టలేదు" అంది.

నాకూ మా బడి గ్రౌండు గుర్తొచ్చింది. అది మాదెందుకు కాదని నేనూ ఎవర్నీ అడగలేదు.

ఆవిడ మఫ్లరు తిరిగి బీరువాలో పెట్టలేదు. పాప మెళ్ళో వేసింది.